డైరీలో రాణి

2022లో వానలు అప్పుడే మొదలైన రోజుల్లో జరిగిన సంగతి ఇది. అప్పటికే రెజిమెంటల్ బజార్‌లోని మా స్టూడియోకి ఫోటో దిగడానికి వచ్చేవాళ్లు దాదాపు ఆగిపోయారు. ఫోను చేతిలో ఉన్న ప్రతివాడూ ఫోటోగ్రాఫరే అయిపోయాక మమ్మల్ని బతికించింది పోయినవాళ్ల ఫోటోలే. దుకాణం పెట్టింది మా మామగారు. ఆయన కంటోన్మెంట్ సిపాయిలను వరుసగా నిలబెట్టి గ్రూపు ఫోటోలు తీసేవారు. ఆ సిపాయిల మనవలూ మునిమనవలూ పట్టుకొచ్చే చిరిగిన ఆల్బములను నేను బాగుచేస్తాను.

ఆల్బమ్‌ను పేజీ పేజీగా విప్పి, ఒక్కో ఫోటోనూ స్కాన్ చేసి, మరకలు తీసి, వెనక ఉన్న రాతలు చదివించి, ఎవరు ఎవరో తేల్చి, చివరికి ఒక పుస్తకంగా కుట్టి ఇస్తాను. దాన్ని మేం ఫ్యామిలీ బుక్ అంటాం. వచ్చేవాళ్లలో సగం మంది ఇళ్లలో ఎవరో ఒకరు రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లే. అందరికీ తాత సుబేదారే అయ్యుండాలి. వంటవాడిగా వెళ్లాడని కాగితాల్లో తేలితే మొహం మాడ్చుకుంటారు. ఆ వంటవాడు లేకపోతే సుబేదారు ఏం తిని యుద్ధం చేశాడని నోరు ఊరుకోక అనేసి, వచ్చిన బేరాలు పోగొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మహబూబ్ బీ లాలాగూడ నుంచి వచ్చింది. డెబ్బై అయిదు దాటిన మనిషి, భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. పుట్టిల్లు జనగామ వైపు పల్లె, ఇంట్లో మాట తెలుగు. వెంట మనవరాలు యాస్మీన్ వచ్చింది. ఏదో ఆఫీసులో అకౌంట్స్ చూసే పిల్ల, వచ్చినప్పటి నుంచి గడియారం చూసుకుంటూనే ఉంది. ముసలావిడ బుర్ఖా కింద నుంచి తువ్వాలులో చుట్టిన ఆల్బమ్ తీసి, నేరుగా ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

మిలిటరీ ఆసుపత్రి వార్డు ఫోటో అది. మంచాల ముందు బక్కచిక్కిన సిపాయిలు నిలబడ్డారు. మధ్యలో తెల్లబట్టల్లో ఒక నర్సు. ఆమె మొహం లేదు. మేకుతోనో దేనితోనో కాగితం తేలేదాకా గీకేశారు.

"ఈ మొహం మళ్ల తెప్పియ్యాలె బిడ్డా" అంది.

కుదరదని చెప్పాను. ఫోటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచే పల్చటి పూత ఒకటి ఉంటుంది, దాన్ని ఎమల్షన్ అంటాం. అది వెలిసిపోతే తేవచ్చు, పసుపెక్కితే తేవచ్చు, చెదలు అంచులు తిన్నా ఎలాగో సర్దవచ్చు. గీకి పారేస్తే అక్కడ బొమ్మే ఉండదు. ఇప్పుడు కంప్యూటర్‌ని అడిగితే ఆ ఖాళీలో చక్కటి మొహం ఒకటి పెడుతుంది, కాదనను, కానీ అది లోకంలో ఎవరి మొహమూ కాదు. ఇదంతా చెబుతుంటే యాస్మీన్ నా వైపు వంగి, అట్లనే ఏదో ఒక ఫేస్ పెట్టెయ్యండి ఆంటీ, దాదీ ఖుష్ అయిపోతది అని గుసగుసలాడింది. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే ముసలావిడే అందుకుంది.

"ఏదో ఒకటి నాకెందుకే? నాకు ఆమె మొహమే కావాలె. ఆ పోలికల నాకు ఒక అక్క ఉండాలె యాడనో."

అప్పుడు కూర్చోబెట్టి, టీ తెప్పించి, అసలు కథ అడిగాను.

ఆమె తండ్రి పేరు ఖాసిం. నిజాం రోజుల్లో పల్లె బడిలో ఉర్దూ చదువు చదివి, లారీ నడపడం నేర్చుకుని, డ్రైవరుగా పట్టాళంలో చేరాడు. అప్పటికే పెళ్లయినవాణ్ని బర్మా సరిహద్దుకు పంపారు. యుద్ధం అయిపోయాక క్షేమంగానే తిరిగొచ్చాడు. ఆ తర్వాతే మహబూబ్ బీ పుట్టింది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి మేనమామ వచ్చాడు. పట్నంలో చదివి ఆఫీసు ఉద్యోగం చేసేవాడు, ఉర్దూ అంటే తనదే అన్నట్టు ఉండేవాడు. బావ ట్రంకు పెట్టెలో ఏదో వెతుకుతూ పెన్సిలుతో రాసిన చిన్న డైరీ చూశాడు. తిరగేశాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న చెల్లెలి దగ్గరికొచ్చి మూడు మాటలు చదివి వినిపించాడు.

ఖత్. రాణీ. రోజ్.

ఖత్ అంటే ఉత్తరం. ఉర్దూలో రోజ్ అంటే ప్రతిరోజూ. రాణి అనే మనిషికి రోజూ ఉత్తరం రాసేవాడన్నమాట. ఒక పేజీలో కాదు, దాదాపు ప్రతి పేజీ అడుగునా అదే. పైన ఇంకో మాట కూడా కనిపించింది, జుర్మ్ అని. జుర్మ్ అంటే నేరం. తన తప్పు తనే ఒప్పుకుని రాసుకున్నాడు చూడు అన్నాడట మేనమామ. ఆల్బమ్‌లో నర్సు ఫోటో ఉండనే ఉంది. ఇంకేం కావాలి?

తల్లి ఏడవలేదు, పోట్లాడలేదు. భర్త పేరు నోటితో పలకని ఆడవాళ్ల కాలం అది, పరాయి ఆడదాని పేరెత్తి ఆయన్ని నిలదీస్తుందా? ఆ మొహం గీకేసి ఆల్బమ్ మూసేసింది. ఆయనతో మాట మానేసింది. వండేది, కంచం కూతురి చేతికిచ్చి పంపేది. ఆ తర్వాత ఆ ఇంట్లో మరో బిడ్డ పుట్టలేదు. మహబూబ్ బీ తల్లి పక్షమే. పెళ్లయి లాలాగూడ వచ్చేశాక కూడా తండ్రి చూడటానికి వస్తే నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయేదట.

ఇప్పుడు తల్లి లేదు, తండ్రి లేడు, ఆ మేనమామా లేడు. తోడబుట్టినవాళ్లు మొదటి నుంచీ లేరు. ఆ రాణి మీద కోపం ఎప్పుడు పోయిందో తనకే తెలియదంది. ఆమెకు ఒక్క బిడ్డన్నా పుట్టి ఉంటే తనకు అక్క అవుతుంది కదా, ఎక్కడున్నా సరే పోయేలోగా ఒక్కసారి చూసుకోవాలి, అంతే కోరిక. అక్క కోసం ప్రతి రంజాన్‌కీ దువా చేస్తుందని యాస్మీన్ చెప్పింది. ఈసారి ఆ పిల్ల గొంతులో విసుగు లేదు.

నేనూ రాణిని నమ్మాను. ఎందుకు నమ్మను? ఫోటో వెనక ఫీల్డ్ హాస్పిటల్ రబ్బరు ముద్ర ఉంది. సైన్యం నుంచి పంపించేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి సర్టిఫికెట్ ఆల్బమ్ అట్టలోనే దొరికింది. అందులో ఆయన మలేరియాతో ఆసుపత్రిలో ఉన్నట్టు రాసి ఉంది. జబ్బుపడ్డ డ్రైవరు, సేవ చేసిన నర్సు, రోజూ ఉత్తరం. అన్నీ చక్కగా అతికినట్టు సరిపోయాయి. తనకూ మనవరాలికీ ఆ అక్షరాలు రావంటూ ఆవిడ ఆ డైరీ కూడా నా చేతికిచ్చింది. అది మొత్తం చదివిస్తే ఊరి పేరో ఆసుపత్రి పేరో దొరకవచ్చు, వెతుకుదామని ఆవిడకి ధైర్యం చెప్పాను. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

నాకు ఉర్దూ అక్షరాలు రావు. అలాంటి పనులకు పద్మారావు నగర్‌లో ఉండే సర్వర్ సాబ్ దగ్గరికి వెళతాను. రిటైరైన ఉర్దూ టీచరు. బీదర్ వైపు మనిషి, ఇన్నేళ్లయినా ఆయన తెలుగు కూరగాయల బేరం దాటలేదు. డైరీ పేజీల కాపీలు ఇచ్చాను. మర్నాడే ఫోను చేసి తల పట్టుకున్నానన్నాడు. రాత ఘోరం, చుక్కలు సగం లేవు, ఒక్క వాక్యమూ కుదరడం లేదట. ఖత్ ఉంది, రాణి ఉంది, జుర్మ్ ఉంది, ఒకచోట బువా అని కూడా ఉంది, బువా అంటే మేనత్త అన్నాడు. మిగతాదంతా ఫౌజీ కోడ్ అయి ఉంటుందని ఆయన అనుమానం. యుద్ధంలో సిపాయిలు పైవాళ్లకు భయపడి రహస్యంగా రాసుకునేవాళ్లని నేనూ విని ఉన్నాను. సబబుగానే తోచింది.

ఈ మాట చెప్పి మహబూబ్ బీని ఆపుదామని చూశాను. ఆవిడ వినలేదు. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఆయన రాసింది రాసినట్టు చదివితే చాలు, అక్కవాళ్ల అమ్మ పేరన్నా నా చెవిన పడుతుంది అంది.

ఒక మధ్యాహ్నం ముగ్గురినీ స్టూడియోలో కూర్చోబెట్టాను. ఒకప్పుడు కొత్త దంపతులు ఫోటో దిగిన సోఫాలో సర్వర్ సాబ్, ఎదురు కుర్చీలో ఆవిడ, స్టూలు మీద యాస్మీన్. నేను స్కానర్ దగ్గర వేరే వాళ్ల పని చేసుకుంటున్నాను. సర్వర్ సాబ్ భూతద్దం పెట్టి, అర్థం లేని మాటలు చదవాల్సి వచ్చిందన్న చిరాకుతో ఒక్కో ముక్కా పలుకుతున్నాడు. స్కానర్ రొదలో నాకది గొణుగుడులాగే ఉంది. ఆవిడ చెంపకు చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. నిద్రపోతుందనుకున్నాను.

"జుర్మ్... బువా... తిన్... లే..." అన్నాడు సర్వర్ సాబ్.

"ఎందుకు తినలే?" అంది ఆవిడ.

ఆయన ఆగి నా వైపు చూశాడు. ఆవిడ కళ్లు తెరిచి, మామూలుగా, పక్కింటివాళ్లను అడిగినట్టు అడిగింది.

"బువ్వ ఎందుకు తినలే అంటున్న. జరమొచ్చిందా ఏందీ?"

నేను స్కానర్ ఆపేసి వచ్చి సర్వర్ సాబ్ పక్కన కూర్చున్నాను. ఉర్దూలో చిన్న అచ్చులు రాయరు, చదివేవాడే నింపుకోవాలి. జ, ర, మ అని మూడు హల్లులు కనబడితే ఉర్దూ వచ్చినవాడు జుర్మ్ అని చదువుతాడు. జనగామ పల్లెలో అవే మూడు హల్లులు జరం. అంటే జ్వరం. మేనత్త కాదు, బువ్వ. ఖాసింకు వచ్చిన అక్షరాలు ఉర్దూవి, వచ్చిన మాట తెలుగు. బడిలో తెలుగు రాత ఎవరూ నేర్పలేదు కాబట్టి ఉన్న అక్షరాల్లోనే తన మాట రాసుకున్నాడు. తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన మేనమామకు కూడా ఆ సంగతి తట్టలేదు. ఉర్దూ అక్షరాలు కనబడితే ఉర్దూయే అనుకున్నాడు. మేమూ అంతే.

ఆ తర్వాత కాసేపు స్టూడియోలో పండగే. సర్వర్ సాబ్ ముక్కలు ముక్కలుగా పలకడం, ఆవిడ అందుకుని తెలుగు చెప్పడం. లారీ బురదలో దిగబడిందట. వాన తెరిపి ఇవ్వలేదట. భువనగిరి పిలగాడు ఒకడు కలిసి తెలుగులో మాట్లాడితే పాణం లేచొచ్చిందట. మా నాయిన మాటలే ఇవి, అచ్చం గిట్లనే మాట్లాడుతుండె అంటూ ఆవిడ నవ్వుతూ ప్రతి మాటకూ బదులిస్తోంది. యాస్మీన్ ఫోను పక్కన పెట్టేసింది. కోడ్ విప్పేశామన్న సంబరంలో నేనూ ఉన్నాను. ఎటు వెళుతున్నామో మాకెవరికీ తోచలేదు.

పేజీ అడుగుకు వచ్చాక సర్వర్ సాబ్ తనకు మొదటి నుంచీ తెలిసిన ముక్కే కదా అని గబగబా చదివేశాడు. "ఖత్, రాణీ, రోజ్." పేజీ తిప్పబోయాడు.

"ఆగుండ్రి" అంది ఆవిడ.

ఆ మూడు ముక్కలూ పెదాల మీదే పలుక్కుని చూసింది. మళ్లీ ఒకసారి పలుక్కుంది.

"ఖత్ రాని రోజు" అంది.

ఉర్దూలో ణ లేదు. రాణి రాసినా, రాని రాసినా ఒక్కటే. ఉత్తరం రాని రోజు. రాణి అనే మనిషి ఎక్కడా లేదు. ఇంటి నుంచి కబురు కోసం ఎదురుచూసి, రాలేదని ప్రతిరోజూ పేజీ అడుగున రాసుకున్నాడు. కొన్ని పేజీల్లో ఇంకేమీ లేదు, ఆ ఒక్క ముక్కే ఉంది.

సర్వర్ సాబ్ మెల్లగా, నేను సుత అట్లనే చదివిన బహెన్, మాఫ్ చెయ్యండి అన్నాడు. మీ తప్పేముంది సాబ్ అంది ఆవిడ. ఉత్తరం ఎందుకు రాలేదో కూడా తనే చెప్పింది. తల్లికి చదువు రాదు. ఇంటి నుంచి ఎప్పుడో ఒకసారి తాత రాయించేవాడు, పొలం సంగతీ బర్రె సంగతీ. మామ ఎదురుగా కూర్చుని మొగుడికి ఏం రాయమంటుంది కోడలు? సిగ్గుతో చచ్చిపోదూ? ఆయన ఎదురుచూసిన ఉత్తరం ఆ ఇంట్లో ఎవరూ రాయించగలిగింది కాదు.

తర్వాత ఆవిడ చెప్పింది వినకపోయి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆమెకు పన్నెండేళ్లప్పుడు ఒకసారి తండ్రి సికింద్రాబాద్ వచ్చి గాజులు కొనుక్కుపోయాడు. తల్లికి కోపం వస్తుందని ఆమె తీసుకోలేదు.

"నాకొద్దు, పోయి మీ రాణికి ఇచ్చుకో అన్న. నాయిన గాజులు కింద పెట్టి, రాణి ఎవలు బిడ్డా అని అడిగిండు. నేను ఉరికిపోయి అమ్మకు చెప్పిన. చూసినవా, ఏమెరగనట్టు ఎట్ల అడుగుతుండో అన్నది అమ్మ. నాకు సుత గట్లనే అనిపించింది. మళ్ల ఎన్నడు అడగలే ఆయన."

యాస్మీన్ లేచి వచ్చి దాదీ భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ ఏడవలేదు. నేనే లోపలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను.

నాకు ఆ మేనమామ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మూడు మాటలు చదివి, మధ్యాహ్నం భోజనం చేసి, బస్సెక్కి వెళ్లిపోయి ఉంటాడు. ఇక్కడ ఒక సంసారం కూలింది. మొగుడూ పెళ్లాం ఒక్క కప్పు కింద అన్నేళ్లు బతికి ఒకరినొకరు ఒక్క మాట అడగలేదు. ఖాసిం ఏమనుకుని ఉంటాడో నేను చాలాసార్లు ఆలోచించాను. అప్పుడు ఉత్తరం రాయనిది, ఇప్పుడు మాట్లాడటమూ మానేసింది, నేనంటే మొదటి నుంచీ ఇష్టం లేదు కాబోలు అనుకుని ఉంటాడు. ఆ తల్లీ మంచిదే, ఆ తండ్రీ మంచివాడే.

పుస్తకం పని వానాకాలమంతా సాగింది. సర్వర్ సాబ్ చదివేవాడు, ఆవిడ చెప్పేది, నేను తెలుగులో టైపు చేసేదాన్ని. నర్సు ఫోటో కింద ఏం రాయాలని అడిగితే పేరు తెలియదని రాయమంది. గీతలను కప్పెట్టనా అంటే వద్దంది. అది మా అమ్మ చేసిన పని, ఉండనియ్యి, ఆమె పడ్డ తక్లీఫ్ సుత కనబడాలె గద అంది. ఫోటో బాగుచేయడమే బతుకుగా ఉన్న నేను, బాగుచేయకుండా వదిలిన ఫోటో అదొక్కటే.

అప్పటి నుంచి పాత రాత ఏది వచ్చినా, ఏముందని ఎవరినీ అడగను. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను పిలిపించి, వాళ్ల ముందు గట్టిగా చదివిస్తాను. అర్థం తెలియకపోయినా సరే, పైకి చదవమంటాను. కళ్లు పట్టుకోలేనిది చెవి పట్టుకుంటుందని ఆ సోఫా దగ్గరే నాకు తెలిసింది. ఈ పద్ధతి వల్ల తర్వాత చాలా ఇళ్లకు మంచే జరిగింది.

పుస్తకం తీసుకోవడానికి వచ్చిన రోజు యాస్మీన్ సంతోషంగా ఉంది. పేజీలు తిప్పుతూ, మీ డాడీ ఫుల్ క్లియర్ అయిపోయిండు దాదీ, ఇంక పరేషాన్ లేదు అంది. అయిండు బిడ్డా అంది ఆవిడ. పిల్ల ఆటో మాట్లాడటానికి బయటికి వెళ్లాక, పుస్తకం ఒళ్లో పెట్టుకుని అట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది.

"రాణి ఉంటేనే మంచిగుండు" అంది.

ఇన్నేళ్లు దువా చేసిన అక్క లేకుండా పోయిందని బాధ కాబోలనుకున్నాను. "అక్క కోసమా అమ్మా?" అని అడిగాను.

"అక్క కోసం కాదు. మేము చూడకున్న, మా నాయిన్ను ఎవలో ఒకలు మంచిగ చూసిన్రని అనుకుంటుంటి ఇన్నేండ్లు."

నిజం తెలిస్తే మనసు తేలికపడుతుందని అంతకుముందు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేదాన్ని. ఆ రోజు ఆవిడకు ఆ మాట చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. చెయ్యి పట్టుకుని ఆటో దాకా దిగబెట్టి వచ్చాను.